కాలం మారేటప్పుడు గుర్రం దగ్గర ఏం చూడాలి

నా లాయంలో మూడు గుర్రాలున్నాయి. చుక్క 24 ఏళ్ల ఆడగుర్రం. నుదుటి మీద తెల్లమచ్చ ఉంటే ఆ పేరు పెట్టాం, ఇప్పుడు ఒక కన్ను మసకేసింది. గంధం 12 ఏళ్ల మగది, ఎర్రటి ఒళ్లు, గులాబీ రంగు ముక్కు, ఉత్తపుణ్యానికి కంగారు పడే మనిషి. మనిషి అనే అంటాను నేను. మూడోది బుడ్డోడు, పోనీ, అంటే పొట్టి జాతి గుర్రం, గాలి పీల్చినా లావెక్కే రకం.

ఎండాకాలం ఏం పెట్టాలి, చలికాలం ఏం కప్పాలి అని నన్ను చాలామంది అడుగుతారు. నన్నడిగితే నడి ఎండాకాలంలోనూ నడి చలికాలంలోనూ గుర్రం కాస్త నిలదొక్కుకునే ఉంటుంది. అప్పటికి ఒళ్లు అలవాటు పడిపోతుంది, మనం కూడా జాగ్రత్తలో ఉంటాం. ఇబ్బందంతా ఒక కాలం పోయి ఇంకో కాలం వచ్చే ఆ రెండు మూడు వారాల్లోనే. నా నోట్‌బుక్ తిరగేస్తే డాక్టరును అర్ధరాత్రి లేపిన రోజులు ఎక్కువగా అలాంటి వారాల్లోనే ఉన్నాయి. మొదటి చలిగాలి వీచిన వారం, మొదటి వానలకు పచ్చిక ఎగదన్నిన వారం, ఉన్నట్టుండి ఎండ ముదిరిన వారం.

దానికి కారణం చాలావరకు పొట్టలో ఉంది. అంత పెద్ద జంతువుకు కడుపు మాత్రం చిన్నది, 8 నుంచి 15 లీటర్లు పడుతుందంతే. గడ్డి అసలు అరిగేది వెనక పెద్దపేగులో, అక్కడుండే సూక్ష్మజీవుల పుణ్యాన. మేత మారితే ఆ సూక్ష్మజీవులు కూడా మారాలి, అది ఒక్క రోజులో జరిగే పని కాదు. పైగా గుర్రానికి వాంతి రాదు. తిన్నది పడకపోయినా బయటికి రావడానికి దారి ఒక్కటే, అదీ చాలా పొడవైన దారి. అందుకే గుర్రాల్లో కడుపునొప్పికి అంత భయపడతాం.

ముందు మీ గుర్రం లెక్కలు రాసుకోండి

జబ్బు వచ్చాక థర్మామీటరు కొనడం వల్ల లాభం లేదు. ఒంట్లో బాగున్నప్పుడు దాని లెక్కెంతో తెలియకపోతే, బాగోలేనప్పుడు చూసిన లెక్కకు అర్థమే ఉండదు. పెద్ద గుర్రానికి విశ్రాంతిగా ఉన్నప్పుడు ఒంటి వేడి సుమారు 37.2 నుంచి 38.5 డిగ్రీల సెల్సియస్, గుండె నిమిషానికి 28 నుంచి 44 సార్లు, ఊపిరి 8 నుంచి 16 సార్లు. చుక్క గుండె ఎప్పుడు చూసినా 32. గంధానిది 40. ఒకరోజు చుక్కది 44 వచ్చింది. పుస్తకం ప్రకారం ఫర్వాలేదు, కానీ చుక్కకు అది మామూలు కాదు. సాయంత్రానికి కడుపునొప్పి బయటపడింది.

నాడి చూడటం కష్టమేమీ కాదు. దవడ ఎముక కింది అంచున, లోపలి వైపు, పెన్సిలంత లావు రక్తనాళం వేలికి జారుతూ తగులుతుంది. మూడు వేళ్లు ఆనించి, బొటనవేలు వాడకుండా, 15 సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో గుణించండి. మొదట్లో నాకు దొరికేది కాదు. నాకు పని నేర్పిన పెద్దాయన పక్కనే నిలబడి, "గట్టిగా నొక్కకమ్మా, నొక్కితే అది పారిపోతుంది, చెయ్యి అలా ఉంచి ఊరుకో" అనేవాడు. అదే కిటుకు.

ఒంటి వేడి చూసేది వెనక నుంచి. థర్మామీటరుకు దారం కట్టి, దారం చివర క్లిప్పు పెట్టి తోకకు తగిలించండి. ఎందుకు చెబుతున్నానంటే, దారం కట్టని థర్మామీటరు నేనొకసారి లోపలే పోగొట్టుకున్నాను. అది మర్నాడు లద్దెతో పాటు క్షేమంగా తిరిగొచ్చింది గానీ, ఆ రాత్రి నాకు నిద్ర లేదు.

ఇంకో మూడు చూపులు రోజూ అలవాటు చేసుకోండి. పైపెదవి ఎత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలితే తెల్లబడిన చోటు రెండు సెకన్లలోపు మళ్లీ గులాబీ రంగుకు రావాలి. డొక్క దగ్గర చెవి ఆనిస్తే పేగుల గుడగుడ వినపడాలి. మొత్తం నిశ్శబ్దంగా ఉంటే అదే పెద్ద కబురు. ఇక లద్దె. ఆరోగ్యంగా ఉన్న గుర్రం రోజుకు 8 నుంచి 12 సార్లు వేస్తుంది. పొద్దున లాయం ఊడ్చేటప్పుడు ఎన్ని కుప్పలు, ఉండలు మెత్తగా విరుగుతున్నాయా, చిన్నగా గట్టిగా ఉన్నాయా అని చూస్తాను. అతిథులు వస్తే నవ్వుకుంటారు, నవ్వుకోనీయండి.

బరువుకు కాటా అక్కర్లేదు. దర్జీ టేపు చాలు. ముంగాళ్ల వెనక ఛాతీ చుట్టుకొలత ఎంతో సెంటీమీటర్లలో తీసుకోండి. దాన్ని దానితోనే గుణించి, మళ్లీ ఒంటి పొడవుతో (భుజం ముందు మొన నుంచి పిరుదు వెనక మొన దాకా) గుణించి, వచ్చినదాన్ని 11,880తో భాగిస్తే సుమారుగా కిలోలు వస్తాయి. అటూ ఇటూ కొంత తేడా ఉంటుంది. నెలనెలా ఒకే చోట, ఒకే చేత్తో కొలిస్తే పెరిగిందా తగ్గిందా అన్నది మాత్రం తెలిసిపోతుంది. మందుల మోతాదుకూ, మేత లెక్కకూ ఈ అంకె లేనిదే పని జరగదు.

మేత మార్చేటప్పుడు

గడ్డి, దాణా ఏది మార్చినా పది నుంచి పద్నాలుగు రోజులు పట్టనివ్వండి. మొదటి మూడు రోజులు కొత్తది పావు వంతు, తర్వాత సగం, తర్వాత ముప్పావు, ఆపైన పూర్తిగా. దాణా విషయంలో ఈ సంగతి అందరికీ తెలుసు. ఎండుగడ్డి విషయంలోనే మర్చిపోతాం, "అదీ గడ్డే ఇదీ గడ్డే కదా" అనుకుంటాం. నేనూ అలాగే అనుకున్నాను. ఒక ఏడాది పాత గడ్డి అయిపోగానే కొత్త కోత గడ్డి, ఆకు ఎక్కువగా ఉన్న మంచి గడ్డి, మూడు గుర్రాలకూ పొట్టనిండా వేశాను. మర్నాడు గంధం ముంగాలితో నేల తవ్వడం మొదలెట్టాడు. తవ్వడం, తిరిగి డొక్కవైపు చూసుకోవడం, పడుకోవడం, లేవడం. డాక్టరు వచ్చి ముక్కులోంచి గొట్టం వేసి, నొప్పికి ఇంజెక్షన్ ఇచ్చి, మూడు గంటలు కూర్చున్నాక తేరుకున్నాడు. అప్పటి నుంచి పాత గడ్డి ఇంకా రెండు వారాలకు సరిపడా ఉండగానే కొత్తది తెప్పించి కలుపుతున్నాను.

రోజుకు ఎంత పెట్టాలంటే, ఒంటి బరువులో నూటికి ఒకటిన్నర నుంచి రెండున్నర వంతులు, అందులో గడ్డిదే పెద్ద వాటా. 500 కిలోల గుర్రానికి ఏడున్నర నుంచి పన్నెండున్నర కిలోల ఎండుమేత. కడుపులో ఆమ్లం ఆగకుండా ఊరుతూనే ఉంటుంది కాబట్టి గంటల తరబడి ఖాళీగా ఉంచకూడదు, పుండ్లు పడతాయి. దాణా అవసరమైతే చిన్న చిన్న వాటాలుగా పెట్టండి.

కొత్త పచ్చిక సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే బుడ్డోడి ప్రాణం మీదికి తెచ్చింది అదే. చలి తగ్గి ఎండ రాగానే, లేదా ఎండిన నేల మీద వాన పడగానే మొలిచే లేత గడ్డిలో చక్కెరలు బాగా ఉంటాయి. లావుగా ఉన్న గుర్రాలు, పోనీలు అది మేస్తే గిట్ట లోపల ఎముకను పట్టి ఉంచే పొరలు వాచి, ఊడటం మొదలవుతుంది. దీన్ని లామినైటిస్ అంటారు. బుడ్డోడు ఆ రోజు పొద్దున గడప దగ్గరే నిలబడిపోయాడు. ముంగాళ్లు ముందుకు చాపి, బరువంతా వెనక్కి వేసి, మడమ మీద నిలబడ్డట్టు. గిట్ట మీద చెయ్యి పెడితే కాలుతోంది. గిట్టకు పైన, కాలి వెనక పక్కన నాడి మామూలుగా వెతికినా దొరకనిది, ఆ రోజు వేలికి కొట్టినట్టు తెలుస్తోంది. ఇలా కనపడితే నడిపించకండి. కింద మెత్తగా మందంగా పరుపు వేసి, పచ్చిక ఆపేసి, వెంటనే డాక్టరును పిలవండి. వీలైతే గిట్టలను ఐసు నీళ్లలో ఉంచండి.

ఇప్పుడు కొత్త పచ్చిక సమయంలో వాడికి మొదటి రోజు పది పదిహేను నిమిషాలే మేత, అదీ తెల్లవారుజామున. పగలంతా ఎండకు గడ్డిలో చక్కెర పెరుగుతూ పోయి మధ్యాహ్నం తర్వాత ఎక్కువగా ఉంటుంది. ఒక్క మినహాయింపు ఉంది. రాత్రి మంచు గడ్డకట్టిన పొద్దున ఈ లెక్క తలకిందులవుతుంది, ఆ పూట ఎండుగడ్డే క్షేమం.

ఎండ

గుర్రం చెమట మన చెమట లాంటిది కాదు. దాని రక్తం కంటే చెమటలో ఉప్పు ఎక్కువ. అందువల్ల ఒక చిత్రం జరుగుతుంది: ఒంట్లో నీళ్లు పోతున్నా రక్తం చిక్కబడ్డట్టు మెదడుకు తెలియదు, దాహం పుట్టదు. చెమటలో తడిసి ముద్దయి కూడా నీళ్ల తొట్టి వైపు చూడని గుర్రాన్ని మీరూ చూసే ఉంటారు. దానికి కావలసింది నీళ్లతో పాటు ఉప్పు. పని చేయని 500 కిలోల గుర్రానికే రోజుకు 25, 30 గ్రాముల మామూలు ఉప్పు కావాలి, అంటే సుమారు రెండు పెద్ద చెంచాలు. చెమట పట్టే రోజుల్లో ఇంకా ఎక్కువ. నాకైతే ఉప్పు గడ్డ వేలాడదీసి ఊరుకోవడం మీద నమ్మకం లేదు. చుక్క దాన్ని రోజంతా నాకుతుంది, గంధం నెలకోసారి వాసన చూస్తాడు. దాణాలో కలిపేస్తే గొడవ వదిలిపోతుంది. ఉప్పు పెట్టినప్పుడు నీళ్లు మాత్రం ఎప్పుడూ దగ్గరుండాలి. ఆ సైజు గుర్రం చల్లటి రోజుల్లో 25, 30 లీటర్లు తాగితే, ఎండలో పనిచేసిన రోజు దానికి రెండింతలు లాగేస్తుంది.

స్వారీ చేయొచ్చా వద్దా అన్నదానికి పాత లెక్క ఒకటుంది, నాకు బాగా పనికొచ్చింది. ఫారెన్‌హీట్‌లో వేడి, గాలిలో తేమ శాతం, రెండూ కూడండి. 130 లోపయితే ఫర్వాలేదు. 150 దాటితే పని తగ్గించండి. 180కి చేరితే గుర్రాన్ని నీడనే ఉంచండి. దీంట్లో ఒక పాఠముంది. 38 డిగ్రీల సెల్సియస్ ఎండ, తేమ 20 శాతం ఉంటే మొత్తం 120 వస్తుంది. మబ్బు పట్టి 30 డిగ్రీలే ఉండి తేమ 90 శాతం ఉంటే 176. మనం రెండో రోజునే "ఈ పూట చల్లగా ఉంది" అని జీను వేస్తాం. ఉక్కలో చెమట ఆరదు, ఆరకపోతే ఒళ్లు చల్లబడదు.

ఒళ్లు కాలిపోతూ రొప్పుతున్న గుర్రం మీద చల్లటి నీళ్లు పోస్తే కండరాలు పట్టేస్తాయని పెద్దాయన గట్టిగా నమ్మేవాడు. నేనూ చాలాకాలం గోరువెచ్చటి నీళ్లతో తుడిచేదాన్ని. అది నిజం కాదు. 1996 అట్లాంటా ఒలింపిక్స్‌కు ముందు అక్కడి వేడికీ ఉక్కకూ భయపడి గుర్రాల మీద చాలా పరీక్షలు చేశారు. చల్లటి నీళ్లు ఒళ్లంతా పోస్తే తొందరగా చల్లబడతాయని, కండరాలకు ఏమీ కాదని తేలింది. పోటీల్లో తుంపర చిమ్మే ఫ్యాన్లు కూడా పెట్టారు. కాబట్టి బకెట్ల మీద బకెట్లు మెడ, ఛాతీ, పక్కటెముకలు, తొడలు అన్నిటి మీదా పోస్తూనే ఉండండి. నీళ్లు గీకి తీసేయడానికి టైము వేస్టు చేయొద్దు, మళ్లీ పోయడమే మేలు. దాహమేస్తే తాగనివ్వండి. ఒంటి వేడి 40 దాటి దిగకపోతే, తూలుతుంటే, నీళ్లు పోస్తూనే డాక్టరుకు ఫోన్ చేయాలి.

ఎండలో చెమట అసలు పట్టని గుర్రం కనిపిస్తే సంతోషించకండి. వేడి, ఉక్క ఎక్కువగా ఉండే చోట్ల కొన్నిటికి చెమట గ్రంథులే పనిచేయడం మానేస్తాయి. ఒళ్లు పొడిగా, రొప్పు ఎక్కువగా ఉంటుంది. అది జబ్బే.

గంధం ముక్కుకు సన్‌స్క్రీన్ రాస్తాను. గులాబీ చర్మం కమిలిపోతుంది మరి.

వాన

వానాకాలం పనంతా గిట్ట అడుగునే ఉంటుంది. గిట్ట ఎత్తి పట్టుకుని, మడమ నుంచి ముందు కొస వైపు కొక్కెంతో బురద తీస్తే, మధ్యలో మెత్తటి త్రికోణపు భాగం, దానికి రెండు పక్కలా, నడుమ గాడులు కనపడతాయి. చూసేది తర్వాత, ముందు వాసన పీల్చండి. కుళ్లిన వాసన ముక్కుకు తగిలి, కొక్కెం మొనకు నల్లటి జిగురు అంటుకొస్తే అది థ్రష్, గాలి ఆడని బురదలో పెరిగే బాక్టీరియా పని. గాడులు శుభ్రంగా తోమి, ఆరబెట్టి, నీళ్లు కలిపిన అయోడిన్ దూదితో లోపలికంటా అద్దితే మొదట్లోనే తగ్గిపోతుంది. మడమల మధ్య చీలిక లోతుగా ఉండి, వేలు పెడితే గుర్రం కాలు లాక్కుంటే సొంత వైద్యం ఆపేయండి. మందు ఎంత మంచిదైనా నిలబడే చోటు తడిగా ఉంటే లాభం లేదు. మా దగ్గర గేటు ముందు, నీళ్ల తొట్టి చుట్టూ బురద గుంటలు పడేవి. అక్కడ మట్టి తవ్వి కంకర వేయించాక సగం మందులు మిగిలాయి.

తడిసి, ఆరి, మళ్లీ తడిసే గిట్ట పగుళ్లిస్తుంది, ఆ పగుళ్లలోంచి మురికి పోయి లోపల చీము పడుతుంది. నిన్న బాగా నడిచిన గుర్రం ఇవాళ ఒక కాలు కింద పెట్టలేకపోతోందంటే కాలు విరిగిందేమో అని గుండె ఆగినంత పనవుతుంది. చాలాసార్లు అది గిట్టలో చీమే. అయినా తేల్చాల్సింది డాక్టరు లేదా లాడాలు కొట్టే ఆయన. ఆయన్ను ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి పిలుస్తాను, లాడాలున్నా లేకపోయినా. గిట్ట నెలకు 6 నుంచి 10 మిల్లీమీటర్లు పెరుగుతుంది, ఆలస్యం చేస్తే బరువు పడే తీరే మారిపోతుంది.

వీపు మీద వెంట్రుకలు జల్లులకు తడిసి తడిసి ఉంటే చిన్న చిన్న పక్కులు కడతాయి. గోటితో లాగితే పక్కుతో పాటు వెంట్రుకల కుచ్చు, రంగు బ్రష్ కొసలా ఊడొస్తుంది, కింద గులాబీ రంగు పచ్చి. డెర్మటోఫిలస్ అనే క్రిమి చేసే పని ఇది. క్లోర్‌హెక్సిడిన్ అనే క్రిములను చంపే మందున్న షాంపూ పట్టించి పది నిమిషాలుంచి కడిగి, పూర్తిగా తుడిచి ఆరబెట్టాలి. పక్కులు మెత్తబడ్డాకే తీయండి, ఎండువి లాగితే గుర్రం తంతుంది, తన్నినా తప్పు దానిది కాదు. ఒకరి బ్రష్ ఇంకొకరికి వాడొద్దు.

గడ్డి వాము కింద చెక్కలు వేసి నేల తగలకుండా పెట్టండి. కట్ట విప్పేముందు చెయ్యి మధ్యలోకి దూర్చి చూడండి. వెచ్చగా ఉందంటే లోపల తడి ఉంది, బూజు పడుతోంది. మరీ తడిగా పేర్చిన వాము దానంతటదే అంటుకోవడం కూడా ఉంది. బూజు గడ్డి గుర్రానికి వేయడమంటే దగ్గు కొనిపెట్టడమే. దుమ్ము మాత్రమే ఉంటే అరగంట నానబెట్టి వేయొచ్చు, బూజు ఉంటే పారేయండి. బూజు పట్టిన మొక్కజొన్న ఇంకా ఘోరం, దాని విషం గుర్రం మెదడునే కరిగిస్తుంది. మాటలో మాట, పశువుల దాణా మిగిలిందని గుర్రానికి వేయకండి. ఆవులకు, కోళ్లకు పనికొచ్చే మోనెన్సిన్ అనే మందు కొన్ని దాణాల్లో కలుపుతారు, అది కొంచెం పడినా గుర్రం గుండె పాడవుతుంది.

ఇక జోరీగలు, దోమలు, నుసుములు. నుసుములు పొద్దు పొడిచేటప్పుడు, పొద్దు గుంకేటప్పుడు కమ్ముకుంటాయి, కానీ గాలికి ఎగరలేవు. లాయంలో ఒక ఫ్యాను పెట్టండి, నూనెలూ పొగలూ చేయని పని అది చేస్తుంది. జూలు, తోక మొదలు గోడకేసి రుద్దుకుంటుంటే ఆ కాట్లకు అలర్జీ అనుకోవచ్చు. ముంగాళ్ల వెంట్రుకలకు పసుపు పచ్చటి చుక్కల్లా అంటుకున్నవి బాట్ ఈగ గుడ్లు. గుర్రం నాకితే పిల్లపురుగులు కడుపులో నెలల తరబడి కాపురం పెడతాయి. మొద్దు కత్తితో గీకేయండి.

పేగు పురుగుల మందు రెండు నెలలకోసారి కళ్లు మూసుకుని వేసే రోజులు పోయాయి. అలా వేసి వేసి పురుగులకే మందు అలవాటైంది. ముందు లద్దె పరీక్ష చేయించి గుడ్ల లెక్క చూసి వేయాలి. ఒక మందలో పురుగు గుడ్లలో నూటికి 80 దాకా విడిచేది నూటికి 20 గుర్రాలే. మా ముగ్గురిలో ఆ పుణ్యాత్ముడు బుడ్డోడు. మేసే చోట లద్దె వారానికి రెండుసార్లు ఎత్తేయడం మందు కంటే తక్కువేమీ కాదు.

చలి

చలికాలంలో నేను భయపడేది చలికి కాదు, నీళ్లకు. చల్లబడగానే గుర్రం తాగడం తగ్గిస్తుంది, అదే సమయంలో మేత పచ్చిక నుంచి ఎండుగడ్డికి మారుతుంది. పచ్చిగడ్డిలో ముప్పావు వంతు నీళ్లే, ఎండుగడ్డిలో ఉండేవి చాలా కొద్ది. లోపల పేగులో గడ్డి ముద్ద కట్టి ఇరుక్కుంటుంది. చుక్కకు అదే జరిగింది. మొదటి చలి రాత్రి తర్వాత తొట్టి చూస్తే, రాత్రి నింపినట్టే అంచు దాకా ఉంది. లద్దె మూడే కుప్పలు, చిన్నవి, మెరుస్తూ, రాయిలా గట్టిగా. ఇప్పుడు చలి మొదలైన రోజు నుంచి పొద్దునా సాయంత్రం బకెట్లో గోరువెచ్చటి నీళ్లు పెడతాను. ముక్కు ముంచి, ఒక క్షణం ఆగి, చెవులు వెనక్కీ ముందుకీ ఆడిస్తూ గుటకలేస్తుంది. ఒక్కో గుటకకు ఒక్కోసారి చెవి కదులుతుంది, నేను లెక్కపెట్టుకుంటూ నిలబడతాను. గడ్డకట్టే చలిలో నీళ్లు వెచ్చగా ఇస్తే పోనీలు సుమారు 40 శాతం ఎక్కువ తాగాయని పరీక్షల్లో తేలింది. ఉప్పు ఈ కాలంలో కూడా మానొద్దు.

ఒంటి వెచ్చదనానికి దాణా కంటే గడ్డే మంచిది. పెద్దపేగులో గడ్డి పులిసేటప్పుడు పుట్టే వేడి లోపలి కుంపటిలా పనిచేస్తుంది. రాత్రి చలి ఎక్కువగా ఉంటుందనిపిస్తే సాయంత్రం ఇంకో రెండు కిలోల గడ్డి వేయండి.

దుప్పటి కప్పాలా? శీతాకాలపు బొచ్చు వచ్చేది చలికి కాదు, పగటి పొద్దు తగ్గడాన్ని బట్టి. అది వచ్చిన గుర్రం ఆ బొచ్చును నిక్కబొడుచుకుని గాలిని లోపల పట్టి ఉంచుకుంటుంది. పొడిగా ఉన్నంత సేపు గడ్డకట్టే చలినీ తట్టుకుంటుంది. తడిసి, ఈదురుగాలి తోడైతే బొచ్చు అణిగిపోయి ఆ బలం పోతుంది. అందుకని ఆరోగ్యంగా ఉన్న గంధానికి నెత్తిన పైకప్పు, గాలికి అడ్డు చాలు. చుక్కకు దుప్పటి కప్పుతాను, ముసలిది, బక్కది. బొచ్చు కత్తిరించిన గుర్రాలకూ కావాలి. తడి ఒంటి మీద కప్పకండి. రోజుకోసారి తీసి, మూపు దగ్గర, భుజాల దగ్గర ఒరిపిడి ఉందేమో చూడండి. దుప్పటి కింద, బొచ్చు కింద గుర్రం చిక్కిపోతున్నా కంటికి తెలియదు. వేళ్లు పక్కటెముకల మీద ఆడించండి. కొంచెం నొక్కితే ఎముకలు తగలాలి, కంటికి మాత్రం కనపడకూడదు.

చలి అని కిటికీలు, తలుపులు బిగించేస్తే ఇంకో తంటా. మూత్రం నుంచి లేచే అమోనియా నేల దగ్గరే నిలుస్తుంది. మనం నిలబడి పీలిస్తే తెలియదు. నేను లాయంలో మోకాళ్ల మీద కూర్చుని, గుర్రం పడుకుంటే దాని ముక్కు ఉండే ఎత్తులో ఊపిరి పీలుస్తాను. కళ్లు మండితే పరుపు మార్చాలి, పైన గాలి పోయే సందు తెరవాలి.

ముసలి గుర్రం దగ్గర నమిలి ఉమ్మేసిన గడ్డి ఉండలు కనపడితే పళ్లు అరిగాయని అర్థం. చుక్కకు ఇప్పుడు నానబెట్టిన మెత్తటి మేత. గుర్రం గుడ్డిదైనా దాణాకు తక్కువ లేదంటారు, మా ఇంట్లో అది సామెత కాదు, నెల ఖర్చు. ఇంకొకటి, వేసవి వచ్చినా దాని బొచ్చు రాలలేదు, పైగా పొడుగ్గా ఉంగరాలు తిరిగింది. ముసలితనం అనుకున్నాను. రక్తపరీక్షలో తేలింది, మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి జబ్బు అని. రోజుకో మాత్రతో నిలబడింది. ఆ జబ్బున్న గుర్రాలకు లామినైటిస్ కూడా తేలిగ్గా వస్తుంది కాబట్టి దాని గిట్టల నాడి రోజూ చూస్తాను.

డాక్టరును పిలిచే ముందు

ధనుర్వాతం టీకా ఏటా తప్పదు, గుర్రాలకు ఆ జబ్బు మహా తేలిగ్గా వస్తుంది. మిగతా టీకాలు మీరుండే చోట తిరిగే జబ్బుల్ని బట్టి డాక్టరు చెబుతారు, దోమలు లేవకముందే వేయించండి. పళ్లు ఏడాదికోసారి, ముసలివాటికి ఆరు నెలలకోసారి.

కడుపునొప్పి అనిపిస్తే మేత ఎత్తేయండి. డాక్టరు చెప్పకుండా నొప్పి మందు వేయకండి, జబ్బు జాడ చెరిగిపోతుంది. ఫోన్ చేసి "గుర్రం ఎలాగో ఉంది డాక్టర్ గారూ" అంటే ఆయనకు ఏం అర్థమవుతుంది? నాడి ఎంత, ఒంటి వేడి ఎంత, చిగుళ్ల రంగు ఏమిటి, చివరి లద్దె ఎప్పుడు, నీళ్లు ఎన్ని తాగింది, ఈ వారం మేతలో ఏం మారింది, వరసగా చెప్పండి. నేను ఇవన్నీ లాయం తలుపు లోపలివైపు ఒక అట్ట మీద రాసి తగిలించాను, పక్కనే మూడు గుర్రాల మామూలు లెక్కలు, డాక్టరు నంబరు, దారం కట్టిన థర్మామీటరు. పెన్సిలు మాత్రం దారంతో కట్టినా గంధం నమిలేస్తున్నాడు, నెలకొకటి మార్చాల్సి వస్తోంది.